నెల్డా మొదటి రికార్డు విన్న గది

నేను ఐదో తరగతి వరకే చదివాను. ఇంటికి రాసిన ఉత్తరాలు తప్ప తెలుగులో ఏదీ రాసినవాణ్ణి కాదు. ఎక్కడైనా అడ్డదిడ్డంగా ఉంటే సర్దుకుని చదవండి.

ఇర్వింగ్‌లో మా పక్క అపార్ట్‌మెంట్‌లో శృతి అనే అమ్మాయి ఉంది. ఇక్కడ అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్ల. ఈ మధ్య నల్ల రికార్డులు మళ్ళీ వస్తున్నాయి కదా, వాటిని అచ్చుపోసే ఫ్యాక్టరీలో చేరింది. ఒక రోజు మా ఇంటికొచ్చి సోఫాలో కూలబడింది.

"అంకుల్, నన్ను లిజనింగ్ రూమ్‌లో వేశారు. రోజంతా హెడ్‌ఫోన్స్. ఏం వినాలి అని అడిగితే బ్యాడ్ సౌండ్స్ అంటారు. బ్యాడ్ అంటే ఏంటి అంకుల్? ఎవరూ చెప్పట్లేదు."

"నేను చెబుతాలేమ్మా" అన్నాను.

"చెప్తే మర్చిపోతా. మీరు రాయండి. నేను స్లోగా చదువుతా. రాకపోతే మమ్మీ చదివి పెడుతుంది."

అందుకని రాస్తున్నాను. శృతి కోసం, ఆ పనిలో కొత్తగా చేరే మిగతా పిల్లల కోసం. జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరికి ప్రమోషన్ వచ్చింది అన్నవి రాయను. అవి చదివితే నిద్రొస్తుంది.

మాటలు రాని మనిషి కావాలి

డెబ్బైల చివర నా భార్య సుగుణకి నాష్‌విల్‌లో నర్సు ఉద్యోగం వచ్చింది. ఆమె వెనకాల నేను వచ్చాను. బాపట్ల దగ్గర మా ఊళ్ళో నేను వడ్రంగిని. చర్చి బల్లలు చేసేవాణ్ణి, హార్మోనియం పెట్టెలు బాగుచేసేవాణ్ణి. ఇంగ్లీషు రాదు. యెస్, నో, థాంక్యూ, అంతే. సుగుణే ఎవరినో అడిగి రికార్డులు పోసే ఫ్యాక్టరీలో పెట్టించింది.

అక్కడ నల్ల ప్లాస్టిక్ గింజల్ని కరిగించి, ముద్ద చేసి, రెండు లోహపు ప్లేట్ల మధ్య నొక్కుతారు. ప్లేట్ల మీద పాట గీతలుగా చెక్కి ఉంటుంది. మనం అప్పాలు ఒత్తినట్టే. తీసేటప్పటికి పెనం మీది అట్టులా వేడిగా ఉంటుంది. ఆ అంచులు కత్తిరించడం నా మొదటి పని.

ఒక రోజు వినే గది పెద్ద, మిస్ డోరిస్ గారు, నా వెనకాల వచ్చి నిలబడ్డారు. ఆవిడకి అరవై ఏళ్ళుంటాయి. సన్నటి మనిషి, మెడలో గొలుసుకి కళ్ళజోడు. ఫోర్‌మన్‌ని అడిగారు. వాళ్ళ మాటలు నాకు తర్వాత ఎవరో చెబితే తెలిశాయి.

"ఇతనికి ఇంగ్లీషు వచ్చా?"

"రాదు మేడమ్."

"చెవులు పనిచేస్తాయా?"

"మొన్న మెషీన్ బేరింగ్ పోతోందని చేత్తో చూపించాడు. నిజంగానే పోయింది."

"నాకివ్వు" అన్నారు. కూరగాయల కొట్లో వంకాయ తీసుకున్నట్టు తీసుకెళ్ళారు నన్ను.

ఆవిడ లెక్క ఏమిటంటే, మాటలు తెలిసినవాడు పాట వింటాడు. పాట వినేవాడికి చప్పుళ్ళు వినబడవు. మాటలు తెలియనివాడికే చిటపటలు, బుసలు, గీతలు అన్నీ వినబడతాయి. ఈ మాట ఆవిడ చేతులు తిప్పి, మొహంతో ఏడుపు నటించి చూపిస్తే నాకు అర్థమైంది.

సుగుణతో చెప్పాను. "నాకు ఇంగ్లీషు రాదని ఉద్యోగం ఇచ్చారు" అని.

"అయితే జాగ్రత్తండీ. నేర్చుకున్నారంటే తీసేస్తారు" అంది.

గదిలో పద్ధతి

గోడలకి మెత్తటి దూది పలకలు. రెండు హెడ్‌ఫోన్లు, రికార్డు తిప్పే టర్న్‌టేబుల్ ఒకటి. వేల కాపీలు పోసే ముందు కొన్ని మచ్చుకి పోసి మా గదికి పంపుతారు. మేము బాగుందంటేనే మిషన్లు తిరుగుతాయి. బాగా లేదంటే ప్లేటు మారుస్తారు. అందుకే బయట మిషన్ల దగ్గరి వాళ్ళకి మేమంటే పడేది కాదు. రోజుకి ఇన్ని రికార్డులు దించాలని వాళ్ళకి ఒత్తిడి. అది వాళ్ళ తప్పు కాదు. ఆ కోపాన్ని భోజనాల బల్ల దగ్గరికి తీసుకురాకుండా ఉంటే చాలు, మనమూ తీసుకెళ్ళకూడదు.

ఇద్దరం కలిసి వినేటప్పుడు మాట్లాడకూడదు. చప్పుడు వినబడితే వేలు ఎత్తాలి, అంతే. ఇద్దరి వేళ్ళూ ఒకేసారి లేస్తే చప్పుడు నిజం. ఒక్కరిదే లేస్తే మళ్ళీ వినాలి. ఇంతకంటే మంచి పద్ధతి నేను ఎక్కడా చూడలేదు. కొత్తవాడికీ పెద్దావిడకీ ఒకే వేలు.

ఇంకొక సంగతి ముఖ్యం. చప్పుడు ఒకసారి వచ్చి పోతే దుమ్ము అయుండొచ్చు. రికార్డు ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా వస్తే మాత్రం ప్లేటు మీద గీత పడినట్టే. పాత ఎడ్లబండి చక్రంలో ఒక ఆకు వదులైతే ప్రతి చుట్టుకీ టక్కుమంటుంది చూడండి, అలాగ. ఇది మాకు బైబిలు మాటలాంటిది. దీన్ని ఎవరూ ప్రశ్నించేవాళ్ళు కాదు.

నేను మొదట్లో బాగానే విన్నాను. దెబ్బతిన్నది ఎక్కడంటే, ఒక భక్తి పాటల రికార్డు దగ్గర. మాటలు ఇంగ్లీషే కానీ రాగం మా ఊరి చర్చిలో తెలుగులో పాడేదే. చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చిన కీర్తన. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను, లోపల తెలుగు మాటలు వాటంతట అవే మొదలయ్యాయి. డోరిస్ గారు తన వేలు ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తి, నా మొహం చూశారు. సూది తీసేశారు.

"జీవ్, నీ పెదాలు కదులుతున్నాయి."

నా పేరు జీవరత్నం. అక్కడ అందరికీ జీవ్.

"సారీ మేడమ్. మై చర్చ్ సాంగ్."

"ఇంకెప్పుడూ నీకు దేవుడి పాటలు ఇవ్వను" అన్నారు. అన్నట్టే ఇవ్వలేదు. క్రిస్మస్ ముందు వచ్చేవన్నీ ఆవిడే వినేవారు.

పిల్లలూ, మీకు చాలా ఇష్టమైన పాట వస్తే పక్కవాళ్ళకి ఇచ్చేయండి. ఇంట్లో గొడవపడి వచ్చిన రోజు కూడా వినకండి, ప్రతిదీ తప్పులాగే వినబడుతుంది. సౌండ్ పెంచి వినకండి. పెంచితే చప్పుడు పెరుగుతుంది కానీ చెవి పెరగదు.

బస్సు పాట

ఎనభైల మొదట్లో నెల్డా అనే అమ్మాయి మొదటి ఆల్బం మా దగ్గరికి వచ్చింది. అక్కడి పల్లెపాటలు పాడే పిల్ల. కొండల్లో ఎక్కడో స్కూలు బస్సు నడుపుతూ, శనాదివారాలు పాడేదట. చిన్న కంపెనీ ఒకటి ఆమె చేత రికార్డు చేయించింది. ఆ కంపెనీ తరఫున కాల్విన్ గారని ఒకాయన తిరిగేవారు. చెడ్డ మనిషి కాదు. ఎప్పుడూ హడావిడి, కాఫీ కప్పు చేతిలోనే ఉండేది, తాగేది మాత్రం చూడలేదు.

పది పాటలు. తొమ్మిది వేరేవాళ్ళు రాసినవి, వెనకాల డ్రమ్ములు, ఫిడేళ్ళు అన్నీ ఉన్నాయి. పదోది ఆమె సొంతంగా రాసుకుంది. దాంట్లో గిటారు, ఆమె గొంతు తప్ప ఏమీ లేవు. నెమ్మదిగా ఊగే పాట, ఉయ్యాల లాగ.

ఆ పదో పాటలో చప్పుడు. టక్. చుట్టుకి ఒకసారి టక్. చాలా సన్నగా, కానీ పాట మొదటి నుంచీ చివరి దాకా. నా వేలు లేచింది, డోరిస్ గారి వేలు లేచింది. ప్లేటు పాడు అని రాసి పంపేశాం.

కొత్త ప్లేటు చేశారు. మళ్ళీ విన్నాం. టక్.

ఈసారి మొదటి నుంచి పాట మళ్ళీ చెక్కించి, మళ్ళీ ప్లేట్లు పోయించారు. చెక్కినాయన ఫోనులో, "టేపు శుభ్రంగా ఉంది, నేను విన్నాను, మీ ఫ్యాక్టరీలోనే ఏదో ఉంది" అన్నారట. కొత్తది వచ్చింది. పెట్టుకున్నాం. టక్.

కాల్విన్ గారు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు.

"డోరిస్, ఊళ్ళల్లో తిరునాళ్ళు మొదలవుతున్నాయి. ఆ పిల్ల స్టేజీ ఎక్కి పాడుతుంది, చేతిలో అమ్మడానికి రికార్డు ఉండదు. ఈ సీజన్ పోతే మా వాళ్ళు ఆమెని వదిలేస్తారు. నువ్వు సరేనను, లేకపోతే ఆ పాట తీసేస్తాను. తొమ్మిదితో పోయిద్దాం."

"చప్పుడు ఉన్నదాన్ని సరేనని నేను సంతకం పెట్టను" అన్నారు డోరిస్ గారు.

"అయితే పాట తీసేసినట్టే. ఆమెకి నువ్వే చెప్పు."

"చెబుతాను. రమ్మను."

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. అప్పటికి నాకు ఇంగ్లీషు కొద్దికొద్దిగా వస్తోంది. అన్నిసార్లు వినడం వల్ల ఆ పాట నాకు పూర్తిగా తెలిసిపోయింది. అది బస్సు నడిపే మనిషి పాడుకునే పాట. దారిలో ఒక ఇంటి దగ్గర రోజూ ఒక పిల్ల ఎక్కేది. గని మూతపడి వాళ్ళు ఊరు వదిలిపోయారు. ఇంటికి తాళం. అయినా డ్రైవరు ఆ ఇంటి దగ్గర బస్సు ఆపి, తలుపు తీసి, కాసేపు చూసి, తలుపు వేసి వెళుతుంది. అంతే పాట. అందులో ఏడుపు మాట ఒక్కటి లేదు. అది వింటుంటే నాకు చెప్పులు కుట్టే మా వీధి కుటుంబం ఒకటి గుర్తొచ్చేది, పొద్దున లేచేసరికి గుడిసె ఖాళీ.

డోరిస్ గారికి ఆ సంగతి చెప్పలేదు. సుగుణకి చెప్పాను.

"తీసేస్తారని చెప్పానా లేదా" అంది. మళ్ళీ తనే, "ఆ పాట ఒకసారి పాడండి" అంది. నాకు వచ్చినట్టు పాడాను. చపాతీ పిండి కలుపుతున్నది ఆపేసి వింది.

ఆమె వచ్చిన రోజు

పొద్దున పిల్లల్ని దింపేసి, పసుపుపచ్చ బస్సుతోనే వచ్చేసింది నెల్డా. మా లారీల మధ్య ఆ బస్సు ఆపింది. సాయంత్రం స్కూలు వదిలే వేళకి మళ్ళీ వెళ్ళాలి. పొడుగాటి పిల్ల, గళ్ళ చొక్కా, చెక్క మడమల బూట్లు.

"నా పాటే కదా అందరికీ పని పెట్టింది" అంది లోపలికి వస్తూనే. "తీసేయండి మేడమ్. మిగతా తొమ్మిదీ మంచి పాటలే. పేరున్నవాళ్ళు రాసినవి."

"ముందు కూర్చో హనీ. నువ్వు విన్నాక మాట్లాడదాం" అన్నారు డోరిస్ గారు.

ఉన్నవి రెండే హెడ్‌ఫోన్లు. ఒకటి ఆమెకి ఇచ్చారు, ఒకటి నాకు. డోరిస్ గారు గోడకి ఆనుకుని చేతులు కట్టుకున్నారు. కాల్విన్ గారు తలుపు దగ్గర కప్పుతో. నేను సూది పెట్టాను.

గిటారు మొదలైంది. టక్. వేలు ఎత్తాను, అలవాటు. టక్. మళ్ళీ ఎత్తాను.

ఎదురుగా చూస్తే డోరిస్ గారి వేలు కూడా లేస్తోంది.

నాకు అర్థం కాలేదు. ఆవిడకి హెడ్‌ఫోన్లు లేవు. పాట ఆవిడకి వినబడే వీలు లేదు. అయినా నా వేలు లేచినప్పుడే ఆవిడ వేలు లేస్తోంది, నాది దిగినప్పుడే దిగుతోంది. ఆవిడ చూపు నా మీద లేదు. కింద నేల మీద ఉంది. నేనూ అటు చూశాను.

నెల్డా కళ్ళు మూసుకుంది. కుడి బూటు మడమ లేచి, సిమెంటు నేల మీద పడుతోంది. నాకు ఆ మడమ చప్పుడు వినబడదు, చెవులు మూసి ఉన్నాయి. డోరిస్ గారికి అదొక్కటే వినబడుతోంది. నేను ప్లేటులో వింటున్నదీ, ఆవిడ నేల మీద వింటున్నదీ ఒకటే.

ఆ పాట నడక రికార్డు చుట్టుతో సమానంగా పడింది. ఊయల ఒక ఊపు, రికార్డు ఒక చుట్టు. చుట్టుకొకసారి వస్తే ప్లేటు తప్పు అని మా బైబిలు కదా. అందుకే మాలో ఎవరికీ ఇంకో ఆలోచన రాలేదు. మంచి ప్లేట్లని తీసి చెత్తలో వేశాం.

డోరిస్ గారు నా దగ్గరికి వచ్చి సూది ఎత్తేశారు. నెల్డా కళ్ళు తెరిచింది.

"హనీ, స్టూడియోలో కూడా కాలితో ఇలాగే కొట్టావా?"

నెల్డా కిందకి చూసుకుంది. మొహం కందిపోయింది.

"మా ఇంట్లో డ్రమ్ములు ఎక్కడివి మేడమ్. మా నాన్న కాలే డ్రమ్ము, తర్వాత నా కాలు. స్టూడియోలో కింద కార్పెట్ వేశారు. ఈ పాటకి కాలు జారుతోందని పక్కకి తోసేశాను. ఎవరూ చూడలేదు."

మా ఊళ్ళో కీర్తన పాడేటప్పుడు తొడ మీద చరచనివాడు ఉండడు. దాన్ని దాచిపెట్టాలని ఎవరికీ తోచదు. అది నాకు తెలిసి కూడా, ఆ గదిలో కూర్చున్నాక మర్చిపోయాను. గది మనిషికి అలా చేస్తుంది.

కాల్విన్ గారు కప్పు బల్ల మీద పెట్టారు. "ప్లేటు తప్పు కాకపోతే పాట తప్పు. మళ్ళీ స్టూడియో తీసుకునే టైము లేదు. తీసేద్దాం. ఆమె కూడా అదే అంటోంది కదా."

"అవును" అంది నెల్డా, బూట్ల వైపు చూస్తూనే.

డోరిస్ గారు నా వైపు తిరిగారు. "జీవ్, నీకు మాటలు తెలియవు. నువ్వు చెప్పు. అది చెత్తా, పాటా?"

నేను అబద్ధం చెప్పలేకపోయాను. "మేడమ్, ఈ పాట మాటలు నాకు తెలుసు. నన్ను అడగొద్దు."

ఆవిడ నెల్డా వైపు తిరిగారు. కోపమో కాదో తెలియలేదు.

"సరే. అయితే పాడినదాన్నే అడుగుదాం. హనీ, ఈసారి కాళ్ళు రెండూ స్టూలు కమ్మీ మీద పెట్టుకో. కదపకుండా విను. ఎవరో పాడుతున్నారనుకుని విను."

మళ్ళీ సూది పెట్టాను. నెల్డా కాళ్ళు పైకి పెట్టుకుని, చేతులతో మోకాళ్ళు పట్టుకుని, కదలకుండా వింది. ఆ తలుపు తీసే చోటు వచ్చింది, వేసే చోటు వచ్చింది. టక్, టక్ అని కాలు నడుస్తూనే ఉంది. పాట అయిపోయాక హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఆమె ఇంకా ఆ ఇంటి దగ్గరే బస్సు ఆపుకుని ఉంది" అంది. "నేను తీసేయను."

"నెల్డా, షాపులవాళ్ళు వెనక్కి పంపుతారు" అన్నారు కాల్విన్ గారు.

"నాకు బస్సు ఉంది. నా దగ్గరికి పంపమనండి."

"అది స్కూలువాళ్ళ బస్సు."

"సీట్ల కింద ఖాళీయేలెండి."

డోరిస్ గారు నవ్వలేదు. కాగితం తీశారు. "నా సంతకం ఫ్యాక్టరీ తప్పులకి. ఇది ఫ్యాక్టరీ తప్పు కాదు" అని సంతకం పెట్టి, మిషన్ల దగ్గరికి పంపారు. నెల్డా గడియారం చూసుకుని బస్సు దగ్గరికి పరిగెత్తింది.

వెనక్కి వచ్చిన పెట్టెలు

తిరునాళ్ళ సమయానికి రికార్డు అందింది. కాల్విన్ గారు అన్నట్టే షాపుల నుంచి పెట్టెలు వెనక్కి వచ్చాయి. "పదో పాటలో చప్పుడు" అని చీటీలు. వాటిని విప్పి, విని, 'లోపం లేదు' అని చీటీ మీద రాసి తిరిగి పంపడం నా పని అయింది. ఇంగ్లీషులో నేను మొదట బాగా రాయడం నేర్చుకున్న మాటలు అవే.

కొందరు రేడియోవాళ్ళు ఆ పాట వేశారు. మిగతా తొమ్మిదీ కాదు, అదే. కాపీలు అయిపోయాయి. రెండో విడత పోయాల్సి వచ్చింది. ఈసారి కాల్విన్ గారికి టైము దొరికింది. నెల్డాని మళ్ళీ స్టూడియోకి తీసుకెళ్ళి, మందపాటి కార్పెట్ వేసి, బూట్లు విప్పించి, మేజోళ్ళతో పాడించారు. ఒప్పందం ప్రకారం ఆమె కాదనడానికి లేదు. పాడేసి, బూట్లు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయిందని తర్వాత విన్నాం.

మచ్చు కాపీ మా గదికి వచ్చింది. ఇద్దరం విన్నాం. ఒక్క వేలు లేవలేదు. గొంతు బాగుంది, గిటారు బాగుంది, ఒక్క గీత లేదు. వద్దనడానికి మా దగ్గర ఏ కారణమూ లేదు. డోరిస్ గారు సంతకం పెట్టారు. పెట్టాక కలం మూత పెట్టకుండా కూర్చున్నారు.

"బాగుంది" అన్నాను, ఏదో అనాలని.

"బాగానే ఉంది" అన్నారు.

శృతీ, మన పనిలో ఇదొకటి తెలుసుకో. తప్పులు లేవని చెప్పడం మనకి వచ్చు. బాగుందని చెప్పడం మన పని కాదు. ఆ రెండూ ఒకటే అనుకున్న రోజు మనం చెడిపోయినట్టు.

రెండో విడత బయటికి వెళ్ళాక మళ్ళీ పెట్టెలు రావడం మొదలైంది. నేను పాతవే అనుకున్నాను. అట్ట మీద నంబరు చూస్తే కొత్తవి. ఒకటి తీసి విన్నాను. చెవికి ఏమీ తగల్లేదు. చీటీ చదివాను, చదివి డోరిస్ గారికి ఇచ్చాను. కెంటకీలో ఒకావిడ రాసింది. 'మా అక్క రికార్డులో బస్సు పాట నడుస్తుంది. నా రికార్డులో నడవడం లేదు. టక్కు టక్కు రావడం లేదు. ఇది పాడైన కాపీ. మార్చి ఇవ్వండి.' అలాంటివే ఇంకా ఉన్నాయి పెట్టెలో.

డోరిస్ గారు కళ్ళజోడు పెట్టుకుని ఆ చీటీ రెండుసార్లు చదివారు.

"ఏం రాయమంటారు మేడమ్?" అన్నాను.

"ఇటివ్వు" అని, కలం తీసుకుని, 'లోపం ఉంది' అని రాసి, కింద సంతకం పెట్టి, ఆ పెట్టె మొత్తాన్నీ కాల్విన్ గారికి పంపించారు. తర్వాత ఆయన ఫోను చేసి, నెల్డా కాలు ఉన్న ప్లేట్లు ఇంకా దాచి ఉంచామా అని అడిగారు.